నెల్లూరు బోధకుడి సముద్రయానం

వాకాడు : ఈ ప్రక్కగా పోయే బకింగ్‌హాం కాలువలో మద్రాసుకు పడవలు నడిచిన రోజులవి. పొట్ట చేతపట్టుకుని మద్రాసు రేవులో ఓడెక్కి, అయిదేళ్ళ ఒప్పందంపై దక్షిణాఫ్రికాలోని నేటాలుకు కూలికి పోయిన తెలుగువారు ఎందరో. 1860లో మొదలైన ఆ వలస 1911 దాకా సాగింది. చెరకు తోటల్లో, తేయాకు తోటల్లో చాకిరీ. తమ భాషలో వాక్యం చెప్పే బోధకుడు కావాలని అక్కడి క్రైస్తవులు స్వదేశానికి కబురంపారు.

1840లో శామ్యూల్ డే దొర అమెరికా మిషను తరఫున నెల్లూరు వచ్చాడు. అరవై మూడేళ్ళకు వరస తిరగబడింది. 1903లో నెల్లూరి జాన్ రంగయ్యగారు నేటాలుకు ఓడెక్కారు. ఆయనను పంపింది దొరలు కాదు, తెలుగు బాప్టిస్టులు తామే పెట్టుకున్న హోం మిషనరీ సొసైటీ. ఆ ఏడే కియర్స్నీ తేయాకు తోటలో తెలుగు సంఘం వెలిసింది. పుట్టిన ఊరు వదిలిన కూలీకి తన యాసలో పలకరింపు ఎంత ఊరటో వేరే చెప్పాలా!

1910లో స్కాట్లాండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1,200 మంది ప్రతినిధులలో ఆసియావారు ఇరవైమందికి లోపే. తరువాత దోర్నకల్ బిషప్పయిన అజరయ్యగారితోపాటు మన రంగయ్యగారూ అందులో ఉన్నారు. 1915లో ఆయన కన్నుమూశారు.