సర్వరుకు చోటు ఎక్కడ?

పిల్లలూ! పదవ తరగతి ఫలితాలు వచ్చే రోజున సెల్‌ఫోనులో హాల్‌టిక్కెట్టు నంబరు కొట్టి ఎదురుచూడడం మీరు ఎరిగిందే. ఒక్కొక్కప్పుడు మార్కులు రెప్పపాటులో కనబడతాయి. ఒక్కొక్కప్పుడు చిన్న చక్రం తిరుగుతూనే వుంటుంది. ఇంట్లో అందరికీ గుండె దడదడలాడుతుంది. ఆ మార్కులు మీ ఫోనులో లేవు. ఎక్కడో ఒక గదిలో, ఇనుప అరల మధ్య వున్న కంప్యూటరులో వున్నాయి. అడిగినవారికి అడిగింది అందించడం దాని పని కనుక దానిని సర్వరు అంటారు. పెద్దవాళ్ళు "క్లౌడులో వుంది" అంటే విని, అది ఆకాశంలో వుందనుకునేరు! దానికి నేల కావాలి, కరెంటు కావాలి, చల్లదనం కావాలి, అన్నిటికంటె ముఖ్యంగా దారి కావాలి. మరి అటువంటి యంత్రాన్ని ఎక్కడ పెట్టాలి?

మన గుంటూరు జిల్లా ప్రత్తిపాడు పిల్లలకు ఇది చెప్పడం తేలిక. మిరపకాయలు ఎండిన తర్వాత ధర లేకపోతే రైతులు ఏం చేస్తారు? గుంటూరు చుట్టుపక్కల కోల్డు స్టోరేజీలో బస్తాలు వేసి వస్తారు. ఇంట్లో వుంచుకుంటే కాయ రంగు పోతుంది, చెమ్మకు బూజు పడుతుంది. పైగా అమ్మదలచిన రోజున సరుకు యార్డుకు దగ్గరలో వుండాలి. సర్వరు సంగతీ అంతే. యంత్రాలను వుంచడానికే కట్టిన భవనాలు వున్నాయి. వాటిని డేటా సెంటర్లు అంటారు. అక్కడ ఒక యంత్రాన్ని పదిమంది పంచుకోవచ్చు, లేదా ఒక్కరే మొత్తం అద్దెకు తీసుకోవచ్చు. ఒక లారీలో పదిమంది రైతుల బస్తాలు వేస్తే కిరాయి తక్కువే గాని, ఒకరి కోసం ఒకరు ఆగాలి. లారీ మొత్తం మనమే మాట్లాడుకుంటే మన ఇష్టం వచ్చినప్పుడు బయలుదేరవచ్చు. ఈ రెండవ రకాన్నే డెడికేటెడ్ సర్వరు అంటారు.

ప్రత్తిపాడు మండలంలోని మిర్చి రైతులంతా కలిసి అటువంటి యంత్రం ఒకటి తీసుకోదలచారనుకుందాం. ఎవరి బస్తాలు ఏ స్టోరేజీలో ఎన్ని వున్నాయి, ఇవాళ యార్డులో ఏ రకం ఏ ధర పలికింది, ఇదంతా అందులో వుంటుంది. యార్డు తెరిచే వేళకు అది పలకకపోతే, రైతు ధర తెలియకుండానే బేరం కుదుర్చుకోవలసి వస్తుంది. ఏడాది కష్టం ఆ ఒక్క పూట బేరంలో వుంటుంది.

"మన వూళ్ళోనే, పంచాయతీ ఆఫీసులో ఒక గది ఇస్తే సరిపోదా, మాష్టారూ?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. కాని సర్వరు వాడుకునే కరెంటు దాదాపు మొత్తం చివరకు వేడిగా మారుతుంది. నాలుగైదు వందల వాట్ల యంత్రాన్ని గదిలో పెట్టడమంటే, రాత్రింబగళ్ళు చిన్న హీటరు వెలిగించి వుంచడమే. మన నల్లరేగడి నేలల్లో మే నెల ఎండ ఎలా వుంటుందో మీకు చెప్పనక్కరలేదు. గదిని చల్లబరచాలి. కరెంటు పోతే బ్యాటరీలు తక్షణం అందుకోవాలి. అవి అయిపోయేలోగా డీజిలు జనరేటరు నడవాలి. చూడడానికి పనివాడు అర్ధరాత్రి కూడా వుండాలి. ఇదంతా ఒక్క యంత్రం కోసం చేయడం, ఒక్క బస్తా కోసం కోల్డు స్టోరేజీ కట్టడం వంటిది.

సరే, దూరంగా పెడదాం. ఎంత దూరం?

ఇక్కడ చాలామంది తికమకపడతారు. సాగరు కుడికాలువకు నీళ్ళు వదిలారని పేపరులో చదివిన రోజునే చివరి భూములకు నీరు రాదు. కాలువ వెడల్పు చేస్తే ఎక్కువ నీరు పారుతుంది. దూరం మాత్రం తగ్గదు. సర్వరుకు వేసే లైనులోనూ వెడల్పు వేరు, దూరం వేరు. సమాచారం వెంట్రుకవంటి గాజు తీగలలో వెలుగు రూపంలో పరుగెత్తుతుంది. వెలుగు శూన్యంలో సెకండుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది; గాజులో సుమారు 2 లక్షలే. సెకండులో వెయ్యవ భాగాన్ని మిల్లీసెకండు అంటారు. అంటే ఒక మిల్లీసెకండులో 200 కిలోమీటర్లు. ప్రశ్న పోవాలి, జవాబు రావాలి కనుక, 100 కిలోమీటర్ల దూరానికి రానూపోనూ ఒక మిల్లీసెకండు అని గుర్తుపెట్టుకోండి. ప్రత్తిపాడు నుంచి హైదరాబాదుకు తీగ 300 కిలోమీటర్లు అనుకుంటే, 3 మిల్లీసెకండ్లు. అమెరికాకు 15,000 కిలోమీటర్లు అనుకుంటే, 150. ఒక్క ప్రశ్నకైతే ఫరవాలేదు. కాని ఒక పేజీ తెరవడానికి ఫోనూ సర్వరూ ఎన్నోసార్లు మాట్లాడుకుంటాయి. పదిసార్లయితే సెకండున్నర! ఎంత డబ్బు పోసినా వెలుగును ఇంతకంటె తొందరపెట్టలేము. కనుక వాడేవాళ్ళు ఎక్కడ వుంటే, యంత్రం వారికి దగ్గరలో వుండాలి.

మనకు దగ్గరలో ఏ వూళ్ళు వున్నాయి? విదేశాల నుంచి వచ్చే సముద్రపు తీగలు ఎక్కువగా ముంబయి, చెన్నైలలో ఒడ్డు చేరతాయి. అందుచేత అక్కడ డేటా సెంటర్లు చాలా వెలిశాయి. ఇప్పుడు విశాఖపట్నం పేరు వినబడుతున్నది. అక్కడ ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి పెద్ద కేంద్రం కడతామనీ, సముద్రపు తీగలను కూడా అక్కడికి తెస్తామనీ గూగుల్ కంపెనీ 2025 అక్టోబరు 14న ప్రకటించింది. అంత కేంద్రానికి భూమి ఎవరిది పోతుంది, నీరు ఎంత పడుతుంది అని చుట్టుపక్కల వాళ్ళు అడగడం న్యాయమే. ఇంకొకటి: సముద్రం తీగలనే కాదు, తుఫానులనూ తెస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటూ లేదు, ఫోనూ లేదు. 2015 డిసెంబరులో చెన్నై వరదలో మునిగింది. హైదరాబాదు సముద్రానికి దూరం, కింద గట్టి రాతినేల. అమెజాన్ కంపెనీ 2022 నవంబరులో అక్కడ ఒకటి కాదు, వేర్వేరుగా నిలబడగలిగిన మూడు విభాగాలు తెరిచింది. ఒకచోట కరెంటు పోయినా మిగతావి పనిచేయాలని. మన రైతుల యంత్రానికైతే నేను హైదరాబాదే అంటాను. అక్కడ కూడా 2020 అక్టోబరులో వీధులు ఏరులయ్యాయి కనుక, భవనం పల్లంలో వుందో మెరకలో వుందో చూసి మరీ.

చోటు కుదిరితే సగం పని అయినట్టే. మిగతా సగం దారులు. వూరికి ఒకే రోడ్డు వుండి, దాని మీద వంతెన కూలితే ఏమవుతుంది? 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంలో రెండు తీగలు దెబ్బతింటే, ఇక్కడ మన దేశంలో ఇంటర్నెట్టు నత్తనడక నడిచింది. అంత దూరం ఎందుకు, మురుగుకాలువ కోసం రోడ్డు తవ్వే జె.సి.బి. పన్ను తగిలినా చాలు. అందుచేత మంచి డేటా సెంటరుకు రెండు కంపెనీల తీగలు వస్తాయి. అయితే రెండు కంపెనీలు అంటే రెండు దారులు అని నమ్మకండి! రెండు తీగలూ ఒకే గోతిలో వుంటే ఒకే పన్నుకు రెండూ తెగుతాయి. ఒకటి భవనానికి తూర్పు నుంచీ, ఒకటి పడమర నుంచీ రావాలి. అద్దెకు తీసుకునేవాడు ధర కంటె ముందు ఈ ప్రశ్న అడగాలి.

ఈ కంపెనీలు ఒకరి సరుకు ఒకరు మార్చుకునే చోటు కూడా దగ్గరలో వుండాలి. పూర్వం మన దేశంలోనే ఒక కంపెనీ ఖాతాదారు పక్కవీధిలోని మరో కంపెనీ ఖాతాదారుకు పంపిన సమాచారం, విదేశానికి పోయి తిరిగివస్తూ వుండేది. దానిని మాన్పించడానికే 2003లో నిక్సి అనే సంస్థ ఏర్పడింది. వేర్వేరు వూళ్ళ రైతులూ వ్యాపారులూ మిర్చియార్డులో కలిసినట్టు, కంపెనీల తీగలు దాని కేంద్రాలలో కలుస్తాయి.

ఇక యంత్రానికి ఇంటినంబరు వంటి చిరునామా ఇస్తారు. వాకిట్లో ఫైర్‌వాలు అనే కావలివాణ్ణి పెడతారు. ధరలు చూడడానికి ఎవరైనా రావచ్చు, రైతుల లెక్కలు తాకడానికి మాత్రం సంఘం వాళ్ళకే తలుపు తీయాలి.

లెక్కల నకలు మాత్రం మరో వూళ్ళో వుండాలి. ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గులో ఓ.వి.హెచ్. కంపెనీ డేటా సెంటరు ఒకటి 2021 మార్చి 10న తగలబడిపోయింది. మనుషులకేమీ కాలేదు. కాని నకలు కూడా అదే ఆవరణలో దాచుకున్నవాళ్ళలో కొందరికి రెండూ పోయాయి. పొలం దస్తావేజూ దాని నకలూ ఒకే పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను పూరింట్లో వుంచినట్టయింది.

ఇప్పుడు మీరు చేయగల పని ఒకటి చెబుతాను. బడిలో కంప్యూటరు వుంటే, మాష్టారుగారిని అడిగి, కమాండు ప్రాంప్టు తెరవండి. పి, ఐ, ఎన్, జి అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి, కొంచెం చోటు వదిలి, ఏదైనా వెబ్‌సైటు పేరు కొట్టండి. జవాబు ఎన్ని మిల్లీసెకండ్లలో వచ్చిందో కనబడుతుంది. (కొన్ని యంత్రాలు జవాబు చెప్పవు. వేరే పేరు కొట్టి చూడండి.) 12 అని వస్తే, ఆ యంత్రం 1,200 కిలోమీటర్లకు అవతల వుండడానికి వీలులేదు. మధ్యలో ఆగే చోట్లూ దారి వంకరలూ వున్నాయి గనుక నిజానికి ఇంకా దగ్గరే. అమెరికా కంపెనీ పేరు కొట్టినా ఒక్కొక్కసారి ఇంత చిన్న అంకె వస్తుంది. వాళ్ళు మనకు దగ్గరలో ఒక యంత్రం పెట్టారన్నమాట. అట్లాసు తెరిచి, ప్రత్తిపాడు మీద వృత్తలేఖిని ముల్లు గుచ్చి, ఆ దూరానికి వృత్తం గీయండి. యంత్రం ఆ వృత్తం లోపలే ఎక్కడో వుంది. లోపల ఏయే నగరాలు పడ్డాయో చూసి, అది ఏ వూళ్ళో వుండవచ్చో మీరే చెప్పండి.