కాసు మీద బొమ్మ ఎవరిది?

అక్కలారా! మన గోదావరి ఊళ్ళలో కాసులపేరు తెలియని వాళ్ళు లేరు. చాలా కాసుల మీద లక్ష్మీదేవి ఉంటుంది. కొన్నిటి మీద తెల్లదొరల తలలుంటాయి. అవి సవరన్లు. చాలావాటికి వెనక గుర్రం మీద మనిషి ఉంటాడు. సంవత్సరం అంకెల్లో ఉంటుంది. 1911 అని ఉందనుకోండి, ఇప్పుడు మీరే చదివేస్తారు.

మరి అంకెలే లేకపోతే? అంచు వంకరటింకరగా ఉంటే? పక్కకు తిరిగిన తల, దాని మీద ఆకుల దండ, చుట్టూ ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లాంటి రాత కనిపిస్తే ఆగండి. అది రోము కాసు కావచ్చు. తిబెరియస్ రాజు కాసుకు వెనక, కొమ్మ పట్టుకుని కూర్చున్న ఆడమనిషి ఉంటుంది. లక్ష్మి అనుకున్నా తప్పులేదు!

రోము ఇటలీ దేశంలో ఉంది. రెండు వేల ఏళ్ళ కిందట ఆ రాజ్యం వర్తకులు మన దేశానికి ఓడల్లో వచ్చేవారు. బంగారం, వెండి ఇచ్చి మిరియాలు, సన్నబట్టలు కొనేవారు. మచిలీపట్నం వైపు నేసిన సన్న నూలుబట్టల సంగతి ఆనాటి గ్రీకు పుస్తకంలో ఉంది. మనవాళ్ళు ఆ కాసులకు చిల్లి పెట్టి మెళ్ళో వేసుకున్నారు. నాగార్జునకొండ తవ్వకాల్లో రోము బంగారు కాసులు దొరికాయి. తెలంగాణాలోని కొండాపూర్‌లో అదే బొమ్మతో మట్టి బిళ్ళలు దొరికాయి. బంగారం కొనలేని ఆడవాళ్ళ కోసమేమో!

అలాంటి కాసు ఇంట్లో ఉంటే కరిగించకండి. చింతపండుతో తోమకండి. కంసాలి తూకానికే ధర కడతాడు, పాతదనానికి కట్టడు. నకిలీలూ ఉంటాయి. రాజమండ్రిలో రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియం ఉంది. అక్కడ చూపించి అడగండి. పొలంలో దొరికిందయితే, 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి.