మొదటి ఉలి ఏది కొనాలి? వెయ్యి రూపాయల బడ్జెట్‌లో

పోయిన ఎపిసోడ్‌లో రంపం చూశాం, ఇవాళ ఉలి.

ఫోన్ తీసి ఉలి అని వెతికితే ముందుగా కనపడేది 12 ఉలుల సెట్టు. చెక్క పెట్టె, రంగు రంగుల పిడులు, చూడ్డానికి మస్తుంటది. కొనకండి. మొదటి ఏడాది మీరు చేసేది ఏంది? ఒక పీట, గోడకి ఒక షెల్ఫు, తలుపుకి మడతబందు కూర్చునే గాడి. వీటికి రెండు సైజులు చాలు, 12 మి.మీ., 25 మి.మీ. వనపర్తిలోనో పెబ్బేరులోనో హార్డ్‌వేర్ షాపుకి పోయి మి.మీ. లెక్క చెప్తే తెలియకపోతే, అర అంగుళంది, అంగుళంది అని అడగండి. పాత వడ్లాయన అయితే నాలుగు సూతులది అంటాడు. సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. రెండు పక్కల అంచులు ఏటవాలుగా ఉన్న బెవెల్ ఎడ్జ్ రకం తీసుకోండి, మూలల్లోకి బాగా పోతది. మంచం కోళ్ళకి లోతుగా చిల్లు కొట్టే మందం ఉలి ఇప్పుడే అవసరం లేదు.

అసలు సంగతి ఉక్కు. సరిగ్గా గట్టిపరచని ఉలి వేప చెక్కకే మొద్దుబారుతుంది, తుమ్మ మీద అయితే అంచు మడతపడుతుంది. మొద్దు ఉలి తెగట్లేదని ఇంకా గట్టిగా నెడతారు, అది జారి ఎడమ చేతిలోకి వస్తది. కొత్తవాళ్ళకి ప్రమాదం పదునుతో కాదు, పదును లేకపోవడంతో. షాపాయన ఒప్పుకుంటే అంచుకి దగ్గరగా పక్కన ఆకురాయితో ఒక్కసారి గీయండి. మేకును గీసినంత సులువుగా తెగితే పక్కన పెట్టేయండి.

ఊళ్ళో కమ్మరి కొలిమి ఉంటే ఇంకా మంచిది. లారీ కమాను పట్టీ ముక్కతో ఉలి చేయించుకోవచ్చు. ఆ ఉక్కుని కాల్చి చల్లార్చితే బాగానే గట్టిపడుతది. కాకపోతే అది చేసే చేతిని బట్టి ఉంటది, ఆయన చేసిన పనిముట్లు వాడే వాళ్ళని ముందు అడగండి.

ఇప్పుడు లెక్క. వెయ్యి రూపాయలుంటే మొత్తం ఉలికే పెట్టకండి, సగం పదునుకి పెట్టండి. కొత్త ఉలి షాపు నుంచి వచ్చినప్పుడు పనికి రెడీగా ఉండదు. మందమైన అద్దం ముక్క మీద వాటర్ పేపర్ అతికించండి, 220, 400, 1000, 2000. ముందు ఉలి వీపు చదును చేయండి, అంచు దగ్గర ఒక అంగుళం మేర అద్దంలా మెరిస్తే చాలు. చాలామంది ఇది వదిలేసి ముందు వైపే రుద్దుతుంటారు. తర్వాత ఏటవాలు వైపు. కోణం 30 డిగ్రీలు అంటే కొలిచేదెట్లా? బీటెక్‌లో చదివిన సైన్ 30 ఇక్కడ పనికొచ్చింది చూడండి: ఉలి మందం 4 మి.మీ. ఉంటే ఏటవాలు పొడవు 8 మి.మీ. ఉండాలి. రెండింతలు, అంతే.

గ్రైండర్ మీద పెడితే మాటిమాటికీ నీళ్ళలో ముంచండి. అంచు నీలం రంగుకి తిరిగితే అక్కడ గట్టిదనం పోయినట్టే, ఆ భాగం అరగదీసేయాలి.

ఇంకోటి, మీ ఇంట్లో వడ్రంగం చేసే నాన్నో బాబాయో ఉంటే, 2023 సెప్టెంబర్‌లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో పనిముట్లకి 15,000 రూపాయల వోచర్ ఉంది, అడిగి చూడండి. మనలాంటి హాబీ వాళ్ళకి కాదు అది.

పని చేసేటప్పుడు చెక్కని బల్లకి బిగించి, రెండు చేతులూ అంచుకి వెనకే ఉంచండి. చెక్క పిడి ఉంటే ఇనుప సుత్తితో కొట్టొద్దు, పగులుతది. వచ్చే ఎపిసోడ్‌లో చెక్క సుత్తి ఇంట్లోనే చేసుకుందాం.