పది తర్వాత పాలిటెక్నిక్‌కి వెళ్తే బీటెక్ దారి మూసుకుపోతుందా? అసలు లెక్క ఇదీ..

పదో తరగతి అయిపోగానే ఇంట్లో మొదలయ్యే చర్చ ఒకటే.. ఇంటర్‌లో ఏ గ్రూపు? ఏ కాలేజీ? పాలిటెక్నిక్, ఐటీఐ మాట ఎత్తితే చాలు, 'మార్కులు రాలేదా?' అని అడిగే బంధువులు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో కోరుకున్న బ్రాంచ్ రావాలంటే పాలిసెట్‌లో మంచి ర్యాంకే కొట్టాలి.

చాలామంది వేయని లెక్క ఒకటుంది. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు.. మొత్తం 6 ఏళ్లు. పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్లు. ఆ తర్వాత ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు, అక్కడ మరో మూడేళ్లు. ఇదీ 6 ఏళ్లే! తేడా ఎక్కడంటే మధ్యలో. ఇంటి పరిస్థితి బాగోక చదువు ఆపాల్సి వస్తే, ఒట్టి ఇంటర్ సర్టిఫికెట్‌తో సాంకేతిక ఉద్యోగం దొరకడం కష్టం. డిప్లొమా చేతిలో ఉంటే రైల్వేలో జూనియర్ ఇంజనీర్ లాంటి పోస్టులకు అప్లై చేసుకోవచ్చు. పని చేసుకుంటూ బీటెక్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

అలాగని అందరికీ ఇదే మేలని కాదు. డాక్టర్ కావాలనుకునే విద్యార్థికి ఇంటర్ బైపీసీ తప్పదు. ఐఐటీయే లక్ష్యమైతే ఎంపీసీనే సరైన దారి. పదిహేనేళ్ల వయసులో ఎంచుకున్న డిప్లొమా బ్రాంచే ఈసెట్‌లోనూ వెంట వస్తుంది. సివిల్ చదివి కంప్యూటర్స్‌కి మారదామంటే అంత తేలిక కాదు. ఈసెట్‌లో మంచి కాలేజీ సీట్లకు పోటీ కూడా గట్టిగానే ఉంటుంది.

ఇక ఐటీఐ. దీనికి ఎంట్రన్స్ లేదు, పది మార్కుల మెరిట్‌తోనే సీటు ఇస్తారు. వెల్డర్ ట్రేడ్ ఏడాది, ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు. తొందరగా సంపాదన మొదలవ్వాల్సిన కుటుంబాలకు ఇది నిజంగా ఆసరా. నిర్దేశించిన ట్రేడ్ల వాళ్లు రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టులకూ అర్హులే. కానీ ఒక్క ఐటీఐతో గ్రూప్-1, గ్రూప్-2 రాయలేరు, వాటికి డిగ్రీ ఉండాల్సిందే. ఈ విషయం చేరేముందే పిల్లలకు చెప్పాలి. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. ప్రైవేటు ఐటీఐ అయితే మాత్రం ఎన్‌సీవీటీ గుర్తింపు ఉందా, వర్క్‌షాపులో మెషిన్లు పనిచేస్తున్నాయా అన్నది తల్లిదండ్రులు వెళ్లి కళ్లారా చూసుకోవడం మంచిది.

ఇంటర్ ఒకేషనల్ తీసుకున్నవాళ్లు తర్వాత ఇంజనీరింగ్ వైపు వెళ్లాలంటే బ్రిడ్జ్ కోర్సు పాసవ్వాలి.

మరో ముఖ్య విషయం. పాలిసెట్ దరఖాస్తుల గడువు తరచూ పదో తరగతి ఫలితాలకు ముందే ముగుస్తోంది. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ అలాగే జరిగింది. రిజల్ట్ చూశాక ఆలోచిద్దాంలే అనుకున్నవాళ్లకు ఆ ఏడాది ఛాన్స్ పోయినట్టే.