యూరప్‌లో 41 దేశాలకు ఒకే చెల్లింపుల వ్యవస్థ: ఏంటీ సెపా? అక్కడున్న మనవాళ్లు తెలుసుకోవాల్సినవేంటి?

2002 జనవరి 1న యూరప్‌లోని 12 దేశాల ప్రజల చేతికి ఒకేసారి కొత్త నోట్లు వచ్చాయి. పారిస్‌లో తీసుకున్న 20 యూరోల నోటు రోమ్‌లోనూ చెల్లుతుంది, మాడ్రిడ్‌లోనూ చెల్లుతుంది. కానీ అవే 20 యూరోలను పారిస్‌లోని బ్యాంకు ఖాతా నుంచి రోమ్‌లోని ఖాతాకు పంపాలంటే మాత్రం అది విదేశీ లావాదేవీయే. పద్ధతి వేరు, ఛార్జీ వేరు, డబ్బు చేరడానికి రోజులు పట్టేది. జేబులోని డబ్బు ఒకటైంది కానీ, బ్యాంకులోని డబ్బు ఒకటి కాలేదు.

ఈ తేడాను పోగొట్టడానికి యూరప్‌కు మరో పన్నెండేళ్లు పట్టింది. అందుకోసం కట్టిన వ్యవస్థే సెపా. పూర్తి పేరు సింగిల్ యూరో పేమెంట్స్ ఏరియా. జర్మనీ, ఐర్లండ్, ఫ్రాన్స్ లాంటి దేశాల్లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్ల జీతం పడేది, అద్దె వెళ్లేది, ఫోన్ బిల్లు కట్ అయ్యేది చాలావరకు దీని మీదే. మీ ఇంట్లో ఎవరైనా అక్కడుంటే, లేదా వెళ్లే ప్రయత్నంలో ఉంటే, ఇందులో మీకున్న హక్కులేంటో, ఎక్కడ జాగ్రత్తపడాలో తెలుసుకోండి.

అంతకుముందు సమస్య ఏంటి?

బ్యాంకింగ్‌లో చెల్లింపులు స్థూలంగా రెండు రకాలు. బ్యాంకులు తమలో తాము సర్దుబాటు చేసుకునే భారీ మొత్తాలు ఒకటి. మీరు, నేను, కిరాణా కొట్టు, కంపెనీలు రోజూ చేసే చెల్లింపులు రెండోది. వీటినే రిటైల్ చెల్లింపులు అంటారు. యూరో వచ్చిన కొత్తలో మొదటి రకానికి ఉమ్మడి వ్యవస్థ ఉంది. చిక్కంతా రెండో రకంతోనే.

ప్రతి దేశానికీ తనదైన ఖాతా నంబరు విధానం ఉండేది. జర్మనీలో ఖాతా నంబరుతో పాటు 8 అంకెల బ్యాంకు కోడ్ ఇవ్వాలి. ఫ్రాన్స్‌ది మరో పద్ధతి, ఇటలీది ఇంకో పద్ధతి. క్లియరింగ్ కేంద్రాలు వేరు, కంప్యూటర్ ఫైళ్ల ఫార్మాట్లు వేరు, బిల్లు డబ్బులు ఖాతా నుంచి తీసుకునే నిబంధనలు వేరు. అయిదు దేశాల్లో వ్యాపారం చేసే కంపెనీ అయిదు చోట్లా ఖాతాలు నిర్వహించాల్సి వచ్చేది.

మొదట ధర, తర్వాత దారి

యూరోపియన్ యూనియన్ ముందుగా పట్టుకున్నది ఛార్జీలను. 2001లో ఒక నిబంధన తెచ్చింది. దేశం లోపల యూరోల్లో చెల్లింపునకు ఎంత వసూలు చేస్తారో, సరిహద్దు దాటిన యూరో చెల్లింపునకూ అంతే వసూలు చేయాలి. కార్డులు, ఏటీఎంలకు 2002 జులై నుంచి, ఖాతా బదిలీలకు 2003 జులై నుంచి ఇది అమల్లోకి వచ్చింది.

దీంతో బ్యాంకులు ఇరకాటంలో పడ్డాయి. ఖర్చు పాతదే, వసూలు చేసే ఛార్జీ మాత్రం తగ్గించాలి. ఇక ఖర్చునే తగ్గించుకోవాలంటే అందరికీ ఒకే పద్ధతి కావాలి. 2002లో బ్యాంకులు కలిసి యూరోపియన్ పేమెంట్స్ కౌన్సిల్‌ను ఏర్పాటు చేసుకున్నాయి. ఉమ్మడి నియమావళి రాసింది ఈ సంస్థే.

2008 జనవరి 28న సెపా ఖాతా బదిలీలు మొదలయ్యాయి. 2009 నవంబరులో డైరెక్ట్ డెబిట్ వచ్చింది. అయితే పాత దేశీయ పద్ధతులు కూడా పక్కనే నడుస్తుండటంతో కొత్తదానికి మారడానికి చాలామంది తొందరపడలేదు. ఉన్నది బాగానే పనిచేస్తున్నప్పుడు సాఫ్ట్‌వేర్లు, ఫారాలు మార్చుకునే ఖర్చు ఎందుకు పెట్టుకోవాలన్నది వాళ్ల లెక్క.

చివరికి 2012లో చట్టం చేసి గడువు పెట్టారు. 2014 ఫిబ్రవరి 1 నుంచి యూరో దేశాల్లో పాత పద్ధతులు ఆగిపోవాలి. గడువు దగ్గరపడినా చాలా సంస్థలు సిద్ధం కాలేదు. జీతాలు, బిల్లులు నిలిచిపోతాయన్న భయంతో మరో ఆరు నెలలు వెసులుబాటు ఇచ్చారు. అలా 2014 ఆగస్టు 1 నాటికి మార్పు పూర్తయింది. యూనియన్‌లో ఉండి యూరో వాడని దేశాలకు 2016 అక్టోబరు 31 దాకా సమయం ఇచ్చారు.

ఇందులో ఏమేం ఉన్నాయి?

సెపా ఒక యాప్ కాదు, ఒక బ్యాంకూ కాదు. అందరూ పాటించాల్సిన ఉమ్మడి నిబంధనలు. మన యూపీఐని ఎన్‌పీసీఐ అనే ఒకే సంస్థ నడుపుతుంది. అక్కడ నిబంధనలు ఒకటే కానీ, వాటి ప్రకారం డబ్బును చేరవేసే క్లియరింగ్ వ్యవస్థలు చాలా ఉన్నాయి. ప్రధానంగా మూడు రకాల సేవలు నడుస్తున్నాయి.

ఖాతా బదిలీ: మీరు పంపిన డబ్బు తర్వాతి పనిదినానికల్లా అవతలి బ్యాంకుకు చేరాలి. దారిలో ఏ బ్యాంకూ అందులోంచి కోత పెట్టకూడదు. 500 యూరోలు పంపితే 500 చేరాల్సిందే.

డైరెక్ట్ డెబిట్: కరెంటు, ఫోన్, జిమ్ లాంటి బిల్లుల కోసం సంస్థే మీ ఖాతా నుంచి డబ్బు తీసుకునే పద్ధతి. మన దగ్గర ఈఎంఐల కోసం నాచ్ మ్యాండేట్ ఇస్తాం కదా, దాదాపు అలాంటిదే. తేడా ఏంటంటే, మీరు సంతకం చేసిన మ్యాండేట్ బిల్లు వేసే సంస్థ దగ్గరే ఉంటుంది.

ఇన్‌స్టంట్ బదిలీ: 2017 నవంబరులో వచ్చింది. పది సెకన్లలో డబ్బు చేరాలి. రాత్రయినా, ఆదివారమైనా, పండగైనా పనిచేయాలి. మొదట్లో బ్యాంకులు ఇష్టమైతేనే చేరేవి, ఛార్జీ కూడా ఎక్కువ వేసేవి. 2024లో వచ్చిన చట్టం దీన్ని తప్పనిసరి చేసింది. యూరో దేశాల బ్యాంకులు 2025 జనవరి 9 నుంచి ఇన్‌స్టంట్ చెల్లింపులను స్వీకరించాలి. 2025 అక్టోబరు 9 నుంచి పంపే సదుపాయమూ ఇవ్వాలి. మామూలు బదిలీ కంటే ఎక్కువ ఛార్జీ తీసుకోకూడదు.

ఐబాన్ అంటే?

ఈ వ్యవస్థ మొత్తం ఆధారపడింది ఐబాన్ మీద. అంతర్జాతీయ ఖాతా నంబరు అన్నమాట. మొదటి రెండు అక్షరాలు దేశాన్ని చెబుతాయి. జర్మనీకి డీఈ, ఫ్రాన్స్‌కు ఎఫ్ఆర్, ఐర్లండ్‌కు ఐఈ. తర్వాతి రెండు అంకెలు తనిఖీ కోసం. మిగతాది ఆ దేశపు బ్యాంకు కోడ్, ఖాతా నంబరు. పొడవు దేశాన్ని బట్టి మారుతుంది. జర్మనీలో 22, నెదర్లాండ్స్‌లో 18, ఫ్రాన్స్‌లో 27.

ఆ తనిఖీ అంకెల వెనుక చిన్న లెక్క ఉంది. అక్షరాలను అంకెలుగా మార్చి, మొత్తాన్ని 97తో భాగిస్తే శేషం 1 రావాలి. రాకపోతే నంబరు తప్పని సిస్టమ్ వెంటనే చెప్పేస్తుంది. కాబట్టి ఒక అంకె పొరపాటున మారితే డబ్బు వేరెవరికో వెళ్లిపోయే ప్రమాదం చాలా తక్కువ. అయితే ఈ లెక్క నంబరు సరైనదా కాదా అన్నదే చెబుతుంది. ఆ ఖాతా ఎవరిదో చెప్పదు. మోసగాళ్లు వాడుకున్నది ఈ లోటునే.

పేరు సరిపోలకపోతే ఏం జరుగుతుంది?

పది సెకన్లలో వెళ్లిన డబ్బును వెనక్కి రప్పించడం చాలా కష్టం. అందుకే 2025 అక్టోబరు 9 నుంచి యూరో దేశాల్లో కొత్త రక్షణ వచ్చింది. మీరు చెల్లింపును ఖరారు చేసే ముందే, టైప్ చేసిన పేరు, ఐబాన్ ఒకరివేనా అని మీ బ్యాంకు సరిచూసి చెప్పాలి. ఇందుకు ఛార్జీ వేయకూడదు. ఇన్‌స్టంట్ బదిలీలకే కాదు, మామూలు వాటికీ ఇది వర్తిస్తుంది.

పేరు సరిపోయిందనో, దాదాపు సరిపోయిందనో, సరిపోలేదనో చూపిస్తుంది. కొన్నిసార్లు సరిచూడటం కుదరలేదని రావచ్చు. దాదాపు సరిపోతే అసలు పేరేంటో చూపిస్తుంది. సరిపోలేదని హెచ్చరించినా మీరు పంపేస్తే నష్టం మీదే. ఆ తనిఖీ చేయాల్సిన బాధ్యతను బ్యాంకు నెరవేర్చకపోవడం వల్ల డబ్బు తప్పుచోటికి వెళితే బ్యాంకే తిరిగి ఇవ్వాలి.

తెలుగువాళ్లు ఇక్కడ ఒక విషయం గమనించాలి. మనకు ఇంటిపేరు ముందుంటుంది, కొందరికి పొడి అక్షరాల్లోనే ఉంటుంది. పాస్‌పోర్టులో ఒకలా, ఆఫీసులో పిలిచేది ఇంకోలా ఉంటుంది. జీతం కోసం, అద్దె డిపాజిట్ వాపసు కోసం ఖాతా వివరాలిచ్చేటప్పుడు, బ్యాంకు ఖాతాలో ఉన్న పేరునే అక్షరం పొల్లుపోకుండా ఇవ్వండి. లేకపోతే పంపేవాళ్లకు హెచ్చరిక కనిపించి డబ్బు ఆగిపోవచ్చు.

'మా దేశం ఖాతానే కావాలి' అంటే?

చాలామంది విద్యార్థులు ఫోన్‌లోనే తెరుచుకునే యాప్ బ్యాంకుల్లో ఖాతా తీసుకుంటారు. అలాంటి వాటిలో కొన్ని వేరే దేశపు లైసెన్సుతో నడుస్తాయి. దాంతో ఉండేది జర్మనీలో అయినా, ఐబాన్ లిథువేనియా కోడ్‌తో మొదలవ్వచ్చు. అది చూసి జీతం వేసే కంపెనీయో, ఫోన్ సంస్థో 'ఇది చెల్లదు, ఇక్కడి ఖాతా ఇవ్వండి' అంటే? 2012 చట్టం ప్రకారం అది కుదరదు. యూనియన్‌లోని ఏ దేశపు ఖాతా అన్న కారణంతో సెపా చెల్లింపును నిరాకరించకూడదు. దీన్ని ఐబాన్ వివక్ష అంటారు. ముందు ఆ సంస్థకు రాతపూర్వకంగా చెప్పండి. వినకపోతే ఆ దేశంలో ఇందుకోసం నియమించిన అధికార సంస్థకు ఫిర్యాదు చేయొచ్చు.

డబ్బు అన్యాయంగా కట్ అయితే?

డైరెక్ట్ డెబిట్ కింద డబ్బు కట్ అయిన రోజు నుంచి 8 వారాల్లోపు మీ బ్యాంకును అడిగితే తిరిగి వేస్తారు. కారణం చెప్పాల్సిన పనిలేదు. మీరసలు మ్యాండేటే ఇవ్వకుండా తీసుకుని ఉంటే 13 నెలల వరకు ఫిర్యాదు చేయొచ్చు. ఫలానా సంస్థ తప్ప ఎవరూ తీసుకోకూడదనో, ఇంతకు మించి తీసుకోకూడదనో బ్యాంకుకు ముందే చెప్పి పెట్టుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త. డబ్బు వెనక్కి తీసుకున్నంత మాత్రాన బాకీ తీరిపోదు. నిజంగా కట్టాల్సిన బిల్లయితే ఆ సంస్థ అదనపు ఛార్జీలతో మళ్లీ అడుగుతుంది. కంపెనీల మధ్య నడిచే ప్రత్యేక డైరెక్ట్ డెబిట్‌కు ఈ 8 వారాల హక్కు ఉండదు.

ఏ దేశాలున్నాయి?

యూనియన్‌లోని 27 దేశాలతో పాటు నార్వే, ఐస్‌లాండ్, స్విట్జర్లాండ్, వాటికన్ లాంటివి ఉన్నాయి. బ్రెగ్జిట్ తర్వాత కూడా బ్రిటన్ ఇందులోనే కొనసాగుతోంది. అల్బేనియా, మాంటెనెగ్రో, మాల్డోవా, ఉత్తర మాసిడోనియా, సెర్బియా చేరికతో సంఖ్య 41కి చేరింది. అయితే ఇది యూరో చెల్లింపులకే. పౌండ్లకు, స్విస్ ఫ్రాంకులకు వర్తించదు. పైగా 'దేశం లోపలి ఛార్జీయే బయటా' అన్న నిబంధన యూనియన్ చట్టం కాబట్టి, బ్రిటన్ బ్యాంకులకు అది వర్తించదు. లండన్ ఖాతా నుంచి యూరోలు పంపేముందు ఛార్జీ చూసుకోండి.

ఇంకా కలవనివి ఏంటి?

ఖాతా నుంచి ఖాతాకు దారి ఒకటైంది కానీ, దుకాణం కౌంటర్ దగ్గర ఇంకా ఎవరి దారి వారిదే. జర్మనీకి గిరోకార్డ్, ఫ్రాన్స్‌కు కార్ట్ బాంకేర్, బెల్జియంకు బాంకాంటాక్ట్ ఉన్నాయి. సరిహద్దు దాటితే మాత్రం ఎక్కువగా వీసా, మాస్టర్‌కార్డ్ మీదే ఆధారపడాలి. ఇవి రెండూ అమెరికా కంపెనీలు. వీటికి పోటీగా ఉమ్మడి కార్డు తేవాలని కొన్ని పెద్ద బ్యాంకులు మొదలుపెట్టిన మోనే ప్రాజెక్టు 2012లో ఆగిపోయింది.

మొబైల్ చెల్లింపుల్లోనూ అంతే. స్పెయిన్‌లో బిజుమ్, పోలాండ్‌లో బ్లిక్ బాగా నడుస్తాయి. ఒకచోటి యాప్ ఇంకోచోట పనిచేస్తుందన్న నమ్మకం లేదు. 2024లో జర్మనీ, ఫ్రాన్స్, బెల్జియంలలో వచ్చిన వీరో అనే వాలెట్ ఈ లోటును తీర్చాలని చూస్తోంది. ఇది సెపా ఇన్‌స్టంట్ బదిలీల మీదే నడుస్తుంది.

ఇండియాకు పంపొచ్చా?

సెపా ద్వారా కుదరదు. ఇండియా ఇందులో లేదు, ఐబాన్ కూడా వాడదు. ఇంటికి డబ్బు పంపాలంటే బ్యాంకు స్విఫ్ట్ బదిలీయో, రెమిటెన్స్ సంస్థో దిక్కు. 2024లో ఈఫిల్ టవర్ టికెట్లకు యూపీఐ అనుమతించినా, అది మన పర్యాటకులు ఒక వ్యాపార సంస్థకు చేసే చెల్లింపు మాత్రమే.

ఇప్పుడు కొత్త అడుగు పడుతోంది. యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు ఇన్‌స్టంట్ చెల్లింపుల కోసం నడిపే టిప్స్ వ్యవస్థతో యూపీఐని అనుసంధానించే పని ముందుకు సాగుతోందని రిజర్వు బ్యాంకు 2025 నవంబరులో ప్రకటించింది. అది పూర్తయ్యే వరకు, పంపే ముందు ఛార్జీతో పాటు మారకం రేటునూ పోల్చి చూసుకోవాల్సిందే. 'జీరో ఫీజు' అన్నచోట రేటులో కోత ఉండొచ్చు.

గుర్తుపెట్టుకోండి

• పేరు సరిపోలలేదని బ్యాంకు చెబితే ఆగండి. అద్దె అడ్వాన్సు లాంటివి పంపేటప్పుడు ఇది మరీ ముఖ్యం.

• ఇన్‌స్టంట్ బదిలీలకు రోజువారీ పరిమితి పెట్టుకునే హక్కు మీకుంది. యాప్‌లోనో, బ్యాంకులోనో అడిగి పెట్టించుకోండి.

• నెలకోసారి డైరెక్ట్ డెబిట్ల జాబితా చూడండి. 8 వారాలు దాటితే కారణం చెప్పకుండా వాపసు అడిగే హక్కు పోతుంది.

• వేరే యూరోపియన్ యూనియన్ దేశపు ఐబాన్ అని ఎవరైనా కాదంటే, వెంటనే కొత్త ఖాతా కోసం పరుగెత్తకండి. ముందు చట్టం మీ వైపే ఉందని వాళ్లకు చెప్పండి.