కొబ్బరి కల్లులో నేల, గాలి, వాన

అండమాన్ నికోబార్ దీవుల్లో ద్రాక్ష ఎందుకు కుదరదో తెలుసా? ఎండ ఎక్కువని కాదు. అంతకు మించిన ఎండల్లో హైదరాబాదు చుట్టుపక్కల అనాబెషాహి గుత్తులు విరగకాశాయి. అడ్డం వచ్చేది వాన. 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్లు కురుస్తుంది. మే నెలలో మొదలైన ముసురు డిసెంబరు దాకా పూర్తిగా వదలదు. ద్రాక్ష ఆకు అన్నాళ్లు తడిగా ఉంటే బూజు తెగులు పట్టేస్తుంది.

ఐరోపాలో చలికి ద్రాక్షతీగ ఆకు రాల్చి నిద్రపోతుంది. దక్కనులో ఆ నిద్ర లేదు కాబట్టి మన రైతు ఏప్రిల్లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరింపు చేసి, పొడిగా ఉండే రోజుల్లో పంట చేతికొచ్చేలా చూసుకుంటాడు. దీవుల్లో అలాంటి పొడి కాలం బాగా తక్కువ.

మరి అక్కడ కుటుంబం తన చెట్ల నుంచి తానే తీసుకునే పానీయం ఏది? కొబ్బరి కల్లు. కార్ నికోబార్‌లో నేలా కొబ్బరిచెట్లూ 'తుహెత్' అనే ఉమ్మడి కుటుంబం చేతిలో ఉంటాయి. ఆ తోటే వాళ్లకు తిండి, పందులకు మేత, పండగ పూట కల్లు. ఆ దీవుల్లో పనిచేసిన ఆంగ్ల అధికారి ఎడ్వర్డ్ హోరేస్ మాన్ నికోబారీల కల్లు సంగతి 19వ శతాబ్దంలోనే రాసిపెట్టాడు. దీన్ని ద్రాక్ష వైన్ పక్కన కూర్చోబెట్టడానికి నేనేమీ సంకోచించను.

కల్లు గీసే పని దగ్గరగా చూస్తే ఓపిక అంటే ఏమిటో తెలుస్తుంది. ఇంకా విచ్చని పూగెలను ఎంచుకుని, పగలకుండా తాడు చుట్టి బిగిస్తారు. రోజూ మెల్లగా తట్టుతూ కొద్దికొద్దిగా కిందికి వంచుతారు. గట్టిగా తట్టితే లోపల పూలు నలిగి పాడవుతాయి, తట్టకపోతే నీరు దిగదు. కొన్నాళ్లకు కొస కోసి కుండ కడతారు. ఆపైన పొద్దునా సాయంత్రం పల్చటి పొర ఒకటి చెక్కుతూనే ఉండాలి. లేకపోతే కోసిన చోటు ఎండిపోయి ధార ఆగిపోతుంది.

తెలంగాణలో పోతుతాటికి ఒక కాలం, పండుతాటికి ఒక కాలం, ఈత కల్లుకు చలికాలం. కొబ్బరికి ఆ లెక్క లేదు. దాదాపు నెలకో కొత్త మట్ట వేస్తుంది, మట్టకో పూగెల. ఏడాది పొడవునా వెచ్చగా, తడిగా ఉండే చోట కుండకు సెలవుండదు. జడివాన రోజుల్లో మాత్రం నీళ్లు పడకుండా కుండ మూతి కప్పుకోవాలి, తడిసిన చెట్టెక్కడమూ ప్రమాదమే.

కల్లును పులియబెట్టేది గాలిలోనూ, పాత కుండ గోడలకూ ఉండే ఈస్టు, బ్యాక్టీరియాలే. ఎవరూ తెచ్చి కలపరు. చెట్టు నుంచి దించేసరికే పని మొదలై ఉంటుంది. కొన్ని గంటల్లో ఆల్కహాలు 4, 5 శాతానికి చేరుతుంది. ఎండ పెరిగేకొద్దీ పులుపెక్కి, మర్నాటికి వెనిగర్ దారి పడుతుంది. కుండ లోపల సున్నం పూస్తే పులియడం నెమ్మదించి తీపి నిలుస్తుంది. ద్రాక్ష వైన్‌ను సీసాకెత్తి ఏళ్లు దాస్తారు. కల్లు తాగేవాడికి దక్కేది ఆ పూట వాతావరణమే.

నేల సంగతి ఇంకా ముచ్చటైనది. కార్ నికోబార్ చాలావరకు బల్లపరుపుగా, పగడపు సున్నపురాయి మీద నిలిచిన దీవి. ఫ్రాన్సులో షాబ్లీ ద్రాక్షతోటల కింద ఉన్నదీ ఒకప్పటి సముద్రమే. ఆ మట్టిలో రాయిగా మారిన చిన్న ఆల్చిప్పలు దొరుకుతాయి. రాయి రుచి నేరుగా గ్లాసులోకి దిగుతుందన్న మాటను భూగర్భ శాస్త్రజ్ఞులు ఒప్పుకోరు. నేల చేసే పెద్ద పని నీటిని పట్టడం, వదలడం. కొబ్బరి వేరు నీరు కదలక నిలిచిపోయే చోట బతకలేదు. ఇసుక, పగడపు నేలలు దానికి నచ్చేది అందుకే. పైగా క్లోరిన్ కొబ్బరికి తప్పనిసరి పోషకం, నీటి ఎద్దడిని తట్టుకునే శక్తి దాని మీదే చాలావరకు ఆధారపడుతుంది. కోనసీమ రైతు చెట్టు మొదట్లో ఉప్పు వేస్తాడు. నికోబార్ తీరంలో ఆ పని సముద్రపు గాలే చేసిపెడుతుంది.

అదే ఉప్పు హద్దు దాటితే ఏమవుతుందో 2004 డిసెంబరు 26న తెలిసింది. భూకంపానికి నికోబార్ దీవుల నేల మీటరు, కొన్నిచోట్ల అంతకు మించి కుంగింది. ఉత్తర అండమాన్‌లో పైకి లేచింది. కుంగిన తీరంలో తోటలు ఉప్పునీళ్లలో నిలబడే చచ్చిపోయాయి. తుహెత్‌లకు ఆ నష్టం డబ్బుతో లెక్కగట్టేది కాదు.

మన్యంలో కల్లిచ్చే జీలుగు చెట్టుది వేరే కథ. రంపచోడవరం, మారేడుమిల్లి వైపు చల్లటి, తేమగా ఉండే కొండల్లో పెరుగుతుంది. పూగెలలు పైనుంచి కిందికి ఒక్కొక్కటే వేస్తూ వచ్చి, ఆఖరిది అయ్యాక చెట్టే చనిపోతుంది. అందుకే దాని కల్లు నాలుగైదు తరాలు నమ్ముకునే ఆస్తి కాలేదు.

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్‌లో తెలుగు మాట్లాడేవాళ్లు సుమారు 13 శాతం. శ్రీకాకుళం తీరం నుంచి వెళ్లినవాళ్లు అందులో చాలామంది. ఆ తీరంలోని ఉద్దానం ఇసుకనేలల్లో కొబ్బరి ఎరిగిన జనానికి చెట్టు పోతే ఏమిటో 2018 అక్టోబరులో అక్కడి తోటల్ని కూల్చిన తిత్లీ తుపాను మళ్లీ చూపింది. పొడుగు రకం మొక్క పూతకు రావడానికి ఆరేడేళ్లు పట్టవచ్చు, పొట్టి రకాలకు అందులో సగం చాలు. శ్రీవిజయపురంలోని కేంద్ర దీవుల వ్యవసాయ పరిశోధన సంస్థ విడుదల చేసిన అన్నపూర్ణ, సూర్య, ఓంకార్, చందన్ అనే నాలుగూ పొట్టి రకాలే. లేత వయసులో వాటి పూగెల మనిషి చేతికి అందుతుంది, చెట్టెక్కాల్సిన పని ఉండదు.