పెంచిన బిడ్డ ఎదురు తిరిగినప్పుడు – శునశ్శేపోపాఖ్యానము చెప్పు ధర్మము



సంతానము లేని దంపతులు ఒక బిడ్డను దత్తత తీసికొని, పేరు పెట్టి, అక్షరాభ్యాసము చేయించి, కంటికి రెప్పవలె పెంచుదురు. ఇరువది యేండ్లు గడచిన పిదప ఆ బిడ్డయే చదువు మధ్యలో విడిచి, దుస్సాంగత్యములో పడి, ఇంటిలో ఎవరితోను మాటలాడకుండును. మాటలాడినచో "మీరు నన్ను కన్నవారా?" అని ఒక్క మాటతో గుండె కోయును. తల్లి వంటయింటిలో కన్నీరు పెట్టుకొనును. తండ్రి "నీ గారాబమే దీనికి కారణము" అని ఆమెను నిందించును. చుట్టములు "ఎవరి రక్తమో! ఎక్కడికి పోవును?" అని పెదవి విరుతురు. ఇట్టి తల్లిదండ్రులు జాతకము చేతబట్టుకొని మా వద్దకు వచ్చి రెండు ప్రశ్నలు అడుగుచుందురు. "ఇది ఏ దోషము? దీనికి శాంతి యేమి?" అనునది మొదటిది. గొంతు తగ్గించి అడుగునది రెండవది: "ఈ దత్తతను రద్దు చేసికొన వీలున్నదా?" ఈ రెండవ ప్రశ్నకే ముందుగా సమాధానము చెప్పుకొందము.

దత్తత మరలునది కాదు

తల్లి గాని తండ్రి గాని ఆపత్కాలమున, జలపూర్వకముగా, ప్రీతితో ఇచ్చిన బిడ్డ దత్తుడగునని మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయము చెప్పుచున్నది. స్వీకరించు విధానము వసిష్ఠ ధర్మసూత్రము పదునైదవ అధ్యాయములో కలదు. బంధువులను పిలువవలెను. రాజునకు తెలుపవలెను. ఇంటి నడుమ వ్యాహృతులతో హోమము చేసి, పిమ్మట బిడ్డను స్వీకరింపవలెను. ఇది చాటున చేయు పని కాదనియు, పదిమంది యెదుట అగ్నిసాక్షిగా చేయు సంకల్పమనియు దీని భావము.

నేటి చట్టమును ఇట్లే చెప్పుచున్నది. 1956వ సంవత్సరపు హిందూ దత్తత, మనోవర్తి చట్టము 15వ సెక్షను ప్రకారము, సక్రమముగా జరిగిన దత్తతను పెంచిన తల్లిదండ్రులు రద్దు చేయజాలరు. దత్తుడు కూడ దానిని కాదని కన్నవారి కుటుంబమునకు మరలిపోజాలడు. పూర్వ శాస్త్రములు కుమారుని గూర్చియే చెప్పగా, ఈ చట్టము ఆడపిల్లకును ఆ స్థానము నిచ్చినది. కావున మేము కుమారుడని చెప్పినచోట్ల కుమార్తె అనియు గ్రహింపగలరు.

"వీడు మనవాడా, కాదా?" అను ప్రశ్న హోమకుండము ఎదుటనే ముగిసినది. "మనవాడైన వీనితో ఎట్లు మెలగవలెను?" అనునదే మిగిలినది. దీనికి సమాధానము వేదములోనే ఒక కథగా కలదు.

శునశ్శేపుని కథ

ఋగ్వేదమునకు చెందిన ఐతరేయ బ్రాహ్మణము ఏడవ పంచికలో ఈ ఆఖ్యానము కలదు. హరిశ్చంద్ర మహారాజు తన కుమారుడగు రోహితుని వరుణునకు అర్పింతునని మాట యిచ్చెను. రోహితుడు అడవికి పోయెను. మాట తప్పిన రాజును మహోదర వ్యాధి పట్టుకొనెను. అడవిలో తిరుగుచు, రోహితుడు ఆకలితో అలమటించుచున్న అజీగర్తుడను బ్రాహ్మణుని చూచెను. అతనికి ముగ్గురు కుమారులు. నూరు గోవులిత్తును, తనకు బదులుగా ఒకనిని ఇమ్మని రోహితుడడిగెను. తండ్రి పెద్దవానిని దగ్గరకు తీసికొనెను. తల్లి చిన్నవానిని దగ్గరకు తీసికొనెను. ఎవరును పట్టుకొనని నడిమివాడు శునశ్శేపుడు. వానిని అమ్మివేసిరి.

యాగశాలలో ఆ బాలుని యూపస్తంభమునకు కట్టుటకు ఎవరును ముందునకు రాలేదు. మరి నూరు గోవులకు తండ్రియే కట్టెను. వధించుటకును ఎవరును రాలేదు. ఇంకొక నూరు గోవులకు తండ్రియే కత్తి నూరుచు వచ్చెను. అప్పుడు శునశ్శేపుడు దేవతలను స్తుతింపగా ఒక్కొక్క పాశము విడివడెను. రాజు వ్యాధియు తొలగెను. బంధవిముక్తుడైన బాలుడు పోయి హోతగా నున్న విశ్వామిత్రుని ఒడిలో కూర్చుండెను. "నా కుమారుని నాకిమ్ము" అని అజీగర్తుడడిగెను. "దేవతలు వీనిని నాకిచ్చిరి" అని విశ్వామిత్రుడు పలికెను. అందుచేతనే శునశ్శేపునకు దేవరాతుడను పేరు వచ్చినది.

పుత్రులను కోరువారు ఈ ఆఖ్యానమును చెప్పించుకొనవలెనని బ్రాహ్మణమే విధించినది. కన్నతండ్రి అమ్మిన బిడ్డ కథను పుత్రకాములు ఎందుకు వినవలెను? కొడుకు ఒడిలోనికి వచ్చుటతో కథ ముగియదని తెలియుటకే అని మేము భావించుచున్నాము.

బిడ్డ వట్టిచేతులతో రాలేదు

శునశ్శేపుడు ఒడిలో కూర్చుండిన వెంటనే సంతోషముతో పొంగిపోలేదు. తన చేతిలో కత్తి చూచితినని కన్నతండ్రిని నిలదీసెను. "ఆంగిరసుడనైన నేను నీ కుమారుడనెట్లగుదును?" అని విశ్వామిత్రునే ప్రశ్నించెను. నేడు మన యిండ్లలో "నేనెవరిని?" అని పిల్లలు అడుగు ప్రశ్న ఇదియే. విశ్వామిత్రుడు కోపింపలేదు. "నిన్ను ఆదరించితిని గదా, ఇదియా నీ మాట?" అనలేదు. నా కుమారులలో నీవు జ్యేష్ఠుడవగుదువని, నా దాయము నీదని స్థానమును స్పష్టముగా చెప్పెను.

నెలల పసికందుగా వచ్చిన బిడ్డకును ఒక తల్లి ఒడి విడిచి వచ్చిన చరిత్ర యుండును. కొందరు ఆశ్రమములలో అనేక హస్తములు మారి వచ్చుదురు. పసితనమున ఆదరణ కొరవడినచో ఎవరినైనను నమ్ముట తరువాత కష్టమగునని వైద్యులును చెప్పుచున్నారు. దత్తత వచ్చిన బిడ్డలలో అత్యధికులు చక్కగానే వృద్ధిలోనికి వత్తురు. కాని కొందరిలో ఆ పాత గాయము యౌవనమున, వివాహ ప్రయత్నములప్పుడు, ఉద్యోగములో ఓటమి కలిగినప్పుడు మరల రేగును. అది కృతఘ్నత కాదు. రక్తదోషమును కాదు.

కన్నవారిని నిందించుటయు తగదు. అందరును అజీగర్తులు కారు. ఆపత్కాలమున ఇచ్చినవారని మనువే చెప్పెను. దారిద్ర్యము, వ్యాధి, లోకనింద ఎందరు తల్లుల చేత ఈ పని చేయించినవో! కన్నతల్లిని తూలనాడిన మాట బిడ్డ చెవికి తన్ను తూలనాడినట్లే వినబడును.

సత్యము దాచరాదు

పెక్కు కుటుంబములలో కలహమునకు మూలము దత్తత కాదు, దానిని దాచుట. పెండ్లిచూపులలోనో, ఆస్తి తగవులోనో పరుల నోట నిజము విన్న యువకుడు "నా బ్రదుకంతయు అబద్ధమా?" అని కూలిపోవును. ఋగ్వేదములో శునశ్శేపుడు దర్శించిన సూక్తములకు ఋషిని చెప్పునప్పుడు అనుక్రమణి ఆతనిని అజీగర్తుని కుమారుడనియు, విశ్వామిత్రుని స్వీకృతపుత్రుడగు దేవరాతుడనియు రెండు విధముల పేర్కొన్నది. వేదము ఏ తండ్రిని తుడిచివేయలేదు. విశ్వామిత్ర గణములోని కొన్ని గోత్రములవారు నేటికిని ప్రవరలో దేవరాత నామమును ఉచ్చరింతురు. దత్తుడైనవాడు వంశమునకే ఋషి యయ్యెను.

చెప్పి తీరవలసిన కారణము మరియొకటి కలదు. దత్తుడు జన్మకుటుంబములో ఎవరిని వివాహమాడరాదో, దత్తత పిమ్మటను వారిని వివాహమాడరాదని 1956 నాటి చట్టము 12వ సెక్షను చెప్పుచున్నది. తెలియనివాడు ఈ నియమము నెట్లు పాటించును? కేంద్ర ప్రభుత్వపు 2022వ సంవత్సరపు దత్తత నిబంధనలను బట్టి, పదునెనిమిదేండ్లు నిండినవారు తమ పుట్టుక వివరములకై స్వయముగా దరఖాస్తు చేసికొనవచ్చును. బిడ్డ అట్లు వెదకబోయినచో "మమ్ములను విడిచిపోవుచున్నాడు" అని కుమిలిపోవలదు. "మేమును తోడు వత్తుము" అని చెప్పుడు.

ఋణము లెక్క కట్టరాదు

"నీ చదువునకు ఎంత పోసితిమి! మేము తీసికొని రానిచో ఎక్కడ నుండెడివాడవు?" అను మాట కోపములో వచ్చును. కన్నబిడ్డతో అన్నచో అది కోపముగానే పోవును. దత్తబిడ్డతో అన్నచో, తాను అప్పుగా ఈ యింట నున్నాననుకొనును. అప్పు తీర్పలేనివాడు అప్పిచ్చినవాని ముఖము చూడలేడు గదా!

భారతము ఉద్యోగపర్వములో శ్రీకృష్ణుడు జన్మరహస్యము నెత్తి, రాజ్యము చూపినను కర్ణుడు రాధనే తల్లిగా, అధిరథునే తండ్రిగా చెప్పుకొనెను. తనను చూచి రాధకు చన్నులు చేపిన సంగతిని, ఆమె తన మలమూత్రములు ఎత్తిన సంగతిని తలచుకొనెను. ఇవి రాధ లెక్కచెప్పి అడిగినవి కావు, ఆతడు తానై తలచుకొన్నవి.

ఇంటిలోని తక్కినవారు

శునశ్శేపుడు విశ్వామిత్రుని ఒక్కటే కోరెను. నీ కుమారుల సమ్మతి నాకు తెలియునట్లు చేయుమనెను. విశ్వామిత్రునకు నూటొక్క కుమారులు. మధుచ్ఛందుడును, అతని తరువాతి యేబదిమందియు సమ్మతించిరి. పెద్దవారగు ఏబదిమందికి అది రుచింపలేదు. కన్నబిడ్డలు, పెదతండ్రులు, మేనత్తలు దత్తుని "వచ్చినవాడు" అని చూచినంతకాలము తల్లిదండ్రులిద్దరి ప్రేమ చాలదు. దత్తత పిదప కుమారుడు పుట్టినచో దత్తునకు నాలుగవ భాగమే అని వసిష్ఠుడు పూర్వము చెప్పెను. నేటి చట్టము వారసత్వమున దత్తునకును కన్నబిడ్డకును భేదము చేయలేదు. ఈ విషయమును బంధువుల యెదుట ఒకమారు స్పష్టముగా చెప్పి ముగించుట మంచిది.

ప్రేమకు హద్దులు

ఇంత చెప్పితిమని బిడ్డ అడిగినదెల్ల ఇచ్చుట ధర్మమనుకొనరాదు. మత్తుపదార్థములకు సొమ్మిచ్చుట, చేసిన అప్పులన్నియు తీర్చుచుండుట, చేయిచేసికొన్నను దాచుట ప్రేమ కావు. "నీవు మా బిడ్డవు. ఇంట అన్నము ఎప్పుడును కలదు. తాగుటకు పైకము లేదు" అను మూడు మాటలును ఒకే గొంతుతో చెప్పవలెను. తల్లి ఒకటి, తండ్రి ఒకటి చెప్పరాదు. 2007వ సంవత్సరపు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము పెంచినవారిని కూడ తల్లిదండ్రులుగానే ఎంచినది. ఆస్తి వ్రాసి యిచ్చువారు తమను చూచుకొనవలెనను షరతు పత్రములో వ్రాయించుట వివేకము. ఆ మాట తప్పినచో 23వ సెక్షను క్రింద ఆ పత్రమును చెల్లకుండ చేయించుకొన వచ్చును. దత్తత మరలదు గాని, ఆస్తిపత్రము మరలును.

ఇక "ఏ దోషము?" అను మొదటి ప్రశ్నకు వత్తము. నిద్ర పట్టనివానికి, చావు మాట ఎత్తువానికి, మత్తును విడువలేనివానికి వలసినది వైద్యుడు. 2022లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును. శాంతి చేయించుకొనువారిని మేము వారింపము. అది తల్లిదండ్రుల మనస్సునకు స్థైర్యమిచ్చును. కాని వైద్యునకు బదులుగా శాంతి చేయుమని ఏ శాస్త్రమును చెప్పలేదు.

ఇల్లు విడిచి పోయిన బిడ్డకు ఉగాదికి ఒక ఉత్తరము, పుట్టిననాడు ఒక ఫోను చేయుచుండుడు. సమాధానము రాకున్నను మానవలదు. రావలసినవాడు ఎన్నడు వచ్చునో మన చేతిలో లేదు. తలుపు తీసి యుంచుట మన చేతిలో నున్నది.

తెలుగువారమైన మనకు ఈ కథలో ఒక ప్రత్యేక సంబంధము కలదు. దత్తుని అంగీకరింపని ఆ యేబదిమందిని విశ్వామిత్రుడు శపించెను. కన్నబిడ్డలను అట్లు శపింపుమని మేమెవరికిని చెప్పము. కాని వారి సంతతిలో ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు మొదలగు జనులు కలిగిరని ఐతరేయము చెప్పినది. ఆంధ్రుల పేరు కనబడు మిక్కిలి ప్రాచీన గ్రంథములలో ఇది యొకటి. కథను కథగానే గ్రహించినను, వచ్చిన తమ్ముని కాదన్నవారి వంశమని వేదము మనలను జ్ఞాపకము చేయుచున్నది. ఆ ఋణము తీర్చుకొను అవకాశము నేడు దత్తబిడ్డ యున్న ప్రతి తెలుగింటిలోను కలదు. ఆ యింటి బంధువులు "ఎవరి రక్తమో" అను మాటను నేటి నుండి నాలుక మీదికి రానీయకున్నచో, మొదటి వాయిదా చెల్లినట్లే.

స్వస్తి.